ఖమర్ బీ కబూల్

“వలీతో నిఖా నీకిష్టమేనా, ఖమర్ బీ? కబూలంటవా?” కాజీ రెండోసారి అడిగిండు.

ఖమర్ బీ ముసుగు సర్దుకున్నది. “జెర ఆలోచించనియ్యి, కాజీ సాబ్.”

సాక్షులిద్దరూ కిసుక్కున నవ్విన్రు. వలీకి చెమటలు పట్టినయ్. పోలీస్ యాక్షన్ గడబిడలో నిఖా కాయితం పోయింది. కొత్తది కావాలంటే నిఖా మళ్లీ చదవాల్సిందేనన్నడు కాజీ. ముప్పై ఏండ్లు కాపురం చేసినంక ఇంకా ఆలోచనేంది?

“మొదటిపారి నిఖాలైతే కాజీ అడుగుడు అయిపోకముందే తల ఊపింది! గంత తొందర పడ్డది,” అన్నడు వలీ మీసం దువ్వుకుంటూ. రెజిమెంటల్ బజారంతా ఆయన చెప్పుకునే ముచ్చటే అది.

“ఊపింది నేనెక్కడ? మా మేనత్త మెడ మీద చెయ్యేసి వంచింది,” ఖమర్ బీ నవ్వింది. “ఏమడిగిన్రో సుత నాకు సమజ్ కాలే.”

వలీ చెయ్యి మీసం మీదనే ఆగిపోయింది.

“నేను వద్దంటే రాయవా, కాజీ సాబ్?”

“ఎట్ల రాస్తనమ్మా? నీ నోటితోటి నువ్వే చెప్పాలె.”

ఖమర్ బీ మొగని దిక్కు తనివితీరా చూసింది.

“పాపం, మస్తు పరేషాన్ అయితున్నడు. రాసుకో. కబూల్.”

కాజీ వలీ దిక్కు తిరిగిండు. “మరి నీకు?”

వలీ మీసం మీది చెయ్యి దించిండు. తల వంగింది, మెడ మీద ఎవరి చెయ్యీ పడకుండనే.