తాతబ్బాయి పికప్పు, సునీల్ రిపేరు

"ఏటి బాబూ, ఇది సర్వీసు సెంటరా, సంతా?"

తాతబ్బాయి గొంతుకి ఏసీ గదిలో కూర్చున్నవాళ్ళంతా తలలెత్తారు. మేనేజరు మనోజ్‌కుమార్ మాత్రం మొహమ్మీద నవ్వు చెదరనివ్వలేదు. తాతబ్బాయికి ఒళ్ళు మండేది సరిగ్గా ఆ నవ్వుకే. నెలన్నరలో నాలుగుసార్లు బండి ఇక్కడికొచ్చింది. నాలుగుసార్లూ అదే నవ్వు, కాగితం కప్పులో అదే చల్లారిన టీ. ఛీ! మీగడ కట్టిన ఆ కప్పుని పక్కకి నెట్టేశాడు.

"బైఠియే అంకుల్‌జీ. ప్రాబ్లమ్ బతాయియే." తెలుగు అర్థమైనా మాట్లాడటం రాని మేనేజరు, కూర్చుని సంగతేంటో చెప్పమన్నాడు.

"ఎన్నిసార్లు బతాయించాలయ్యా? లోడెక్కితే చాలు, బండికి దమ్ముండదు. పొద్దున్న సుపేలా కాడ వంతెనెక్కతా మజ్జిలో ఆగిపోనాది. వెనకాల బస్సోళ్ళు నన్ను తిట్టిన తిట్లు నీకు సెప్పమంటావేటి?"

తాతబ్బాయి బిలాయి స్టీల్ ప్లాంటులో ముప్ఫై ఆరేళ్ళు ఫిట్టరుగా చేసినవాడు. రిటైరయ్యాక కొడుకు సంజయ్ కోసం ఆ పికప్పు కొన్నాడు. సంజయ్ కుమ్హారి నుంచి కూరగాయలు తెచ్చి సెక్టర్ 2 చుట్టుపక్కల క్యాంటీన్లకి వేస్తాడు. బండి మొరాయించినప్పుడల్లా టమాటాలు బండిలోనే నీరుగారిపోతున్నాయి. ఆ కంపు తాతబ్బాయి చొక్కాకి కూడా పట్టేసింది.

మేనేజరు మెకానిక్కు సునీల్‌ని పిలిచాడు. సునీల్‌కి నలభై ఏళ్ళుంటాయి. చరోడా రైల్వే క్వార్టర్లలో పుట్టి పెరిగిన తెలుగువాడు. షెడ్డులో బానెట్ ఎత్తి చూడగానే పెదవి విరిచాడు.

"డీజిల్ ఫిల్టరే బాబాయ్. ట్యాంకులో మడ్డి ఉందని కిందటిసారే సంజయ్‌తో సెప్పేను. ట్యాంకు దింపి కడగాలి. అది కడక్కుండా ఎన్ని కొత్త ఫిల్టర్లేసినా పదిరోజుల్లో పూడుకుపోతాయి."

"నాకు సెప్పకు. ముందు ఆ కొత్త ఫిల్టరేదో సూపించు."

"ఇదే బాబాయ్. కిందటిసారి నేనే వేసేను."

"తియ్యి బయటికి!"

సునీల్ ఫిల్టరు విప్పి చేతిలో పెట్టాడు. నల్లగా జిడ్డోడుతోంది. తాతబ్బాయి ముక్కు మూసుకుని, గుడ్డముక్కతో దాని అంచు తుడిచి, కళ్ళజోడు సవరించుకున్నాడు. అంతే, మొహం ఎర్రబడిపోయింది. అంచు మీద వంకరటింకరగా గీసిన అంకెలు. 41867.

అది ఆయన టికెట్ నెంబరు, ప్లాంటులో ఉద్యోగికిచ్చే నెంబరు. ప్లాంటులో ఎవడి పానా మీద వాడు నెంబరు గీసుకోకపోతే సాయంత్రానికల్లా అది ఇంకొకడి సంచిలో ఉండేది. ఆ అలవాటు ఆయనతోపాటు ఇంటికీ వచ్చింది. గ్లాసుల మీద, కుక్కరు మూత మీద, ఆఖరికి చీపురు కర్ర మీద కూడా ఆ అంకెలే. పికప్పు కొన్నరోజున బానెట్ ఎత్తి, చెయ్యి అందినంతమేరా ఉక్కు సూదితో గీసుకుంటూ పోయాడు. "నా నుదుటి మీద కూడా గీసీయండి, ఎవుడూ ఎత్తుకుపోడు" అని భార్య నూకమ్మ ఎగతాళి చేసింది కూడాను.

"సదువు, ఏటుందో!"

సునీల్ చదివాడు. అర్థంకాక తెల్లమొహం వేశాడు.

"నా నెంబరది. కొన్ననాడు నాను గీసినాను. మరి నువ్వేసిన కొత్తది ఏటైపోనాదిరా? ఎక్కడ అమ్మీసినావు?"

"అమ్మతోడు బాబాయ్! అట్టపెట్టె చింపి కొత్తదే వేసేను. దీని మీదికి ఈ నెంబరెలా వచ్చిందో నాకు తెలీదు."

"విప్పిన పాతదేదీ?" మేనేజరు హిందీలో గద్దించాడు.

"సంజయ్ భయ్యా తొందరలో ఉండి వద్దన్నాడు సార్. తుక్కులో వేసేశాం. ఆ తుక్కు పోయినవారమే బండికెత్తారు."

ఇంకేముంది, దొరికిపోయాడు! షెడ్డంతా పోగైంది. మేనేజరు మొహాన నవ్వు అప్పటికి మాయమైంది.

"ఈడు ఇక్కడుండకూడదు" అన్నాడు తాతబ్బాయి. "ఈణ్ని పంపుతావా, మీ పెద్దాఫీసుకి ఈ ఫిల్టరు పట్టుకెళ్ళమంటావా?"

సునీల్ తాతబ్బాయి చేతులు రెండూ పట్టుకున్నాడు. "పన్నెండేళ్ళుగా ఇక్కడే చేస్తన్నాను బాబాయ్. దొంగని ముద్రేసి పంపితే బిలాయిలో ఏ షెడ్డువాడూ నన్ను గుమ్మం తొక్కనివ్వడు. పిల్లల్ని ఎలా సాకను? మీరైనా నమ్మండి, మనం మనం తెలుగోళ్ళం."

"తెలుగోడివని నమ్మే కదరా మోసపోనాను! థూ!"

నిజంగానే ఉమ్మేశాడు. జాలి కాదు, అసహ్యం పుట్టింది ఆ మనిషిని చూస్తే. దొంగతనం చేసినవాడు చేసి, పైగా చుట్టరికం కలుపుతాడా?

మేనేజరు సైగ చేశాడు. సునీల్ కంపెనీ చొక్కా గుండీలు విప్పి, మడతపెట్టి, కౌంటరు మీద ఉంచాడు. చిరుగుల బనీనుతో ఎండలోకి నడిచి వెళ్ళిపోయాడు. వేరే మెకానిక్కు పావుగంటలో ఇంకో ఫిల్టరు బిగించాడు.

మధ్యాహ్నం ఇంటికొచ్చి, కాళ్ళు కడుక్కుంటూనే తాతబ్బాయి జరిగిందంతా చెప్పుకొచ్చాడు. సంజయ్ అన్నం తింటున్నాడు. నూకమ్మ చారు వడ్డిస్తోంది.

"మంచి పని సేసినారు. అలాటోళ్ళకి అలాగే కావాల" అంది నూకమ్మ.

"పాతదే మళ్ళీ బిగించీసి కొత్తదంటాడే! నెంబరు సూపిస్తే అమ్మతోడని ఒట్లేసినాడు. పన్నెండేళ్ళ నౌకరీ పావుగంటలో ఊడగొట్టించీసినాను."

కంచంలో సంజయ్ చెయ్యి ఆగిపోయింది.

"సునీల్ భయ్యానా? నిజంగా తీసేశారా?"

"నా కళ్ళ ముందే పోనాడు. ఏరా, నీకేటైంది? అలా సూస్తావేటి?"

సంజయ్ కంచం పక్కకి జరిపాడు.

"కిందటిసారి వేసిన కొత్త ఫిల్టరు మీద, నీలాగే, మన నెంబరు నేనే గీసేను నాన్నా."