మూడు నిలువుల లోతు

పైపు మూడుసార్లు గట్టిగా కదిలింది.

పడవలో గాలి మిషన్ పక్కన కూర్చున్న శివకృష్ణ లేచి నిలబడ్డాడు. పైపు ఒకసారి లాగితే గాలి పెంచమని, రెండుసార్లు లాగితే పైకి వస్తున్నానని, మూడుసార్లు లాగితే ఆపదని అంకన్న మొదటిరోజే చెప్పాడు. ఈ ఏడు నెలల్లో ఆ మూడో అవసరం ఎన్నడూ రాలేదు.

అంకన్నది యర్రగొండపాలెం. ఇరవై రెండేళ్ల కిందట పని వెతుక్కుంటూ అండమాన్ వచ్చి, ఒక చిన్న దీవిలో స్థిరపడ్డాడు. రాత్రిపూట పగడపు దిబ్బల మధ్యకు దిగి చేపలు పట్టడంలో ఆ చుట్టుపక్కల అతన్ని మించినవాడు లేడు. చీకటి పడితే చేపలు దిబ్బల సందుల్లో దూరి నిద్రపోతాయి. పగలంతా దాక్కున్న రాతిరొయ్యలు బయటికి వస్తాయి. నుదుట లైటు, నోట్లో గాలి పైపు, చేతిలో చిన్న ఈటె, నడుముకు సంచి, అంతే. గంటలో పైకి వచ్చేవాడు. గుడ్లున్న రొయ్య దొరికితే వదిలేసేవాడు. మర్నాటికని ఒక్క చేప కూడా ఎక్కువ పట్టేవాడు కాదు.

శివకృష్ణది అర్ధవీడు. రోగం వచ్చి ఇంట్లో గొర్రెలు సగానికి సగం పోయాక, తెలిసినవాళ్లు చెబితే అంకన్న దగ్గర పనికి కుదిరాడు. యాత్రికులకు అద్దెకిచ్చే నాలుగు గదులున్నాయి అంకన్నకు. అక్కడ వంట, రాత్రి పడవలో మిషన్ కాపలా శివకృష్ణ పనులు. అడుగున లైటు సాగిపోతుంటే ఎరుపు, ఊదా, పసుపు రంగుల్లో దిబ్బ ఒక్కో ముక్కా వెలిగి ఆరిపోయేది. ఆ వెలుగు వెంట చూపు తిప్పకుండా కూర్చునేవాడు. అంకన్న మామలాంటి మనిషి ఇంకొకడు ఉండడని తల్లికి ఫోన్‌లో చెప్పేవాడు.

ఇప్పుడు ఆ వెలుగు కదలడం లేదు.

మిషన్‌లో పెట్రోలు అడుగంటింది. మహా అయితే పావుగంట నడుస్తుంది. దగ్గర్లో మరో పడవ లేదు, ఒడ్డుకు కేక వినపడదు. నీళ్లలో చూపు ఆనడానికి వాడే పాత కళ్లద్దం ఒకటి శివకృష్ణ ముఖానికి బిగించుకున్నాడు. పడవలో ఉన్న గునపాన్ని నడుముకు కట్టుకుని, లంగరు తాడు పట్టుకుని నీళ్లలోకి దిగాడు.

మూడు నిలువుల లోతు. లంగరుకు చేతికందే దూరంలోనే ఉన్నాడు అంకన్న. రొయ్య కోసం వంగినప్పుడు పైబండ జారి, కుడికాలు దాని కింద ఇరుక్కుపోయింది. శివకృష్ణ తాడును కాలికి మెలిపెట్టుకుని, సందులోకి గునపం దించి, భుజం ఆనించి లేపాడు. బండ కదల్లేదు. అతనికి ఊపిరి అందడం లేదని గమనించి అంకన్న తన నోట్లోని పైపు తీసి అతని నోట పెట్టాడు. రెండు గుక్కలు పీల్చుకుని శివకృష్ణ తిరిగి ఇచ్చాడు. అలా నాలుగుసార్లు మార్చుకున్నారు. అయిదోసారి బండ దొర్లింది.

ఇద్దరూ ఒకే తాడు మీద పైకి వచ్చారు. కాలు దెబ్బతిన్న తనకు ఆసరా కోసమే శివకృష్ణ తాడు వదల్లేదనుకున్నాడు అంకన్న. పడవలో పడ్డాక శివకృష్ణ చాలాసేపు వణికాడు. చలి కాబోలు అనుకున్నాడు అంకన్న.

ఒడ్డు చేరి, అంకన్న కాలికి కట్టు కట్టాక, సంచిలో ఉన్నవి పాడు కానివ్వకూడదని శివకృష్ణ పొయ్యి వెలిగించాడు. రాతిరొయ్యలను నిలువునా చీల్చి, ఉప్పూ కారం వెల్లుల్లి నూరి పట్టించి నిప్పుల మీద కాల్చాడు. రెండు చేపలను చింతపండు పులుసు పెట్టి, వేయించి దంచిన ధనియాలూ మెంతులూ వేసి దింపాడు. మాంసం కూర తప్ప ఎరగని ఇంట్లో పుట్టినవాడు. చేప కోయడం కూడా ఇక్కడికి వచ్చాకే నేర్చుకున్నాడు. అంకన్న మొదటి ముద్ద నోట పెట్టుకున్నాడు.

“ఇరవై ఏండ్ల నుంచి నీళ్లల్లోనే ఉండాను. ఇట్ల దిగినోణ్ణి యాడా చూళ్లేదురా,” అన్నాడు.

“పులుసులో ఉప్పు సరిపోయిందా మామా?” అని అడిగాడు శివకృష్ణ.

రెండు నెలలకు అంకన్న చెల్లెలి ఇంట్లో శుభకార్యానికి యర్రగొండపాలెం వచ్చాడు. అక్కడినుంచి బస్సులు మారి అర్ధవీడు పోయి శివకృష్ణ తల్లి కొండమ్మ ఇల్లు అడిగి తెలుసుకున్నాడు. కొండమ్మ కొడుకు యజమాని వచ్చాడని మంచం వాల్చింది. మజ్జిగ ఇచ్చి, కోడిని కోయించింది. ఆ రాత్రి సంగతి శివకృష్ణ ఇంట్లో చెప్పనేలేదని అంకన్నకు మాటల్లో తెలిసింది. అంతా మొదటినుంచీ తనే చెప్పాడు. బండ దొర్లిన దగ్గరికి వచ్చేసరికి ఆమె గోడకు ఆనుకుని కూలబడింది.

“నేనొచ్చింది ఒక మాట అడగడానికి అక్కా,” అన్నాడు అంకన్న. “నా కాలు మునుపట్ల లేదు. వచ్చే నెల నుంచి నా జాగాలో శివకృష్ణను దించుదామనుకుంటున్నా. కంభం చెరువు పక్కన పెరిగినోడు గదా, నీళ్లంటే భయమే లేదు వానికి. నువ్వు సరేనంటే చాలు. ఇంతకీ వానికి ఈత నేర్పించింది ఎవరు?”

కొండమ్మ గోడ పట్టుకుని లేచింది. కొంగుతో కళ్లు తుడుచుకుంది.

“వానికి ఈత రాదు తమ్ముడా.”