చేటెడు తవుడు

"పిల్లను తవుడుకు అమ్ముతావా అత్తా? ఎవరన్నా ఫోనులో తీసి పెడితే గురజాలంతా నవ్వుద్ది!" కోడలు వాసంతి గరిటె చేత్తోనే వరండాలోకి వచ్చింది.

"నవ్వనీయవే. ఏడ్చేకంటే నయం" అంది అంకమ్మ, ఏడేళ్ల మనవరాలు లిఖిత చెయ్యి వదలకుండా.

మూడు రోజులుగా అంకమ్మకు ముద్ద దిగడం లేదు. ఆటకు కూచున్నప్పుడల్లా లిఖిత నాపరాతి ముక్కలు నిలబెట్టి కోట కడుతోంది. ఆ కోటలో తాను రాకుమారినంటోంది. పోయిన జన్మ సంగతా అని అడిగింది అంకమ్మ. "కాదు నానమ్మా, మళ్లీ పుట్టినప్పుడు" అంది పిల్ల, లెక్కలో తప్పు దిద్దినట్టు. మళ్లీ పుట్టాలంటే ముందు ఏం జరగాలో తలపుకొచ్చి అంకమ్మ పిల్ల చెయ్యి పట్టేసుకుంది.

గోడ అవతల నిఖత్ గేదెకు కుడితి కలుపుతోంది.

"నిఖత్, దీన్ని కొనుక్కోవే. చేటెడు తవుడియ్యి. నీ పిల్లయితే, దీనికోసం వచ్చేవాళ్లకు ఆనవాలు దొరకదు."

"దీని నోటికి రెండు చేటలియ్యాలి పెద్దమ్మా!" నిఖత్ నవ్వబోయి, అంకమ్మ మొహం చూసి ఆగిపోయింది. చేటలో తవుడు పోసిచ్చింది. పిల్ల గోడ దాటింది.

"పొద్దుగూకేదాకా దాన్ని పేరు పెట్టి పిలవబాకు. నేనూ పిలవను" అంది అంకమ్మ కోడలితో.

పొద్దు కదలనంది. గోడ అవతల లిఖిత నవ్వు వినపడ్డప్పుడల్లా అంకమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఎడమ చెయ్యి ఒకటే లాగుతోంది. చేట ఎత్తినందుకేమో అనుకుంది.

దీపాల వేళకు నిఖత్ పిల్లను తెచ్చి, అంకమ్మ నేర్పిన మాట అప్పజెప్పింది. "ఇది నా బిడ్డ పెద్దమ్మా. కాస్త సాకి పెట్టు."

అంకమ్మ మనవరాలిని ఒళ్లోకి లాక్కుని, రొంటిన దాచిన బెల్లం ముక్క తీసి నోట్లో పెట్టింది.

"ఇంక నిన్నెవరూ తీసుకుపోలేరమ్మా."

"నన్నెందుకు తీసుకుపోతారు? నేను చానా ఏళ్లుంటాగా! నీకంటే ముసలిదాన్నయ్యాకే కోటకు పోయేది."

అంకమ్మకు ఊపిరి తిరిగింది. మూడు రోజుల తర్వాత మొదటిసారి నవ్వొచ్చింది. ఊరికే బెంబేలుపడి చేటెడు తవుడు దండగ చేసింది!

"మరి ఆ కోటలో నిన్నెవరు చూసుకుంటారే, రాకుమారీ?"

"మా అమ్మ. నాకు జడేసుద్ది. ఏడిస్తే రొంటిన దాచిన బెల్లం పెట్టుద్ది. నేను వచ్చేదాకా వాకిట్లో ఒక్కతే కూచోని ఎదురుచూసుద్ది."

"అన్నేళ్లా! ఎవరే ఆ పిచ్చితల్లి?"

లిఖిత బెల్లం చప్పరిస్తూ గేటు వైపు చూసింది.

"నువ్వే. లే నానమ్మా, పల్లకీ వచ్చి ఎంతసేపైంది!"