ఆదివారం తలనొప్పి

గుళ్ళో వాక్యం చెబుతూ సగంలో ఎజ్రా పాస్టరుగారు బల్ల పట్టుకుని ఆగిపోయారు. కణత దగ్గర నరం టకటకా కొట్టుకుంటోంది. రేకుల సందుల్లోంచి పడే ఎండని కూడా కళ్ళు ఓర్చుకోలేకపోతున్నాయి. "ప్రార్థించుకుందాం" అని గబగబా ముగించేశారు.

వెనక చాపమీద ఇద్దరు ఆడవాళ్ళు మొహమొహాలు చూసుకున్నారు. "ఈ వారం కూడా ఒగ్గనేదే జాకరమ్మ" అంది ఒకామె. గుసగుసే గానీ గుడంతా వినబడింది.

అదీ ఆయన అసలు బాధ. అనకాపల్లి వైపు నుంచి భార్య జాయ్స్‌తో ఈ జామిపుట్టు కొండకొచ్చి, నాలుగేళ్ళు ఇల్లిల్లూ తిరిగి సంఘం కట్టారు. ఇప్పుడు ఊరంతా ఒకటే మాట. కొండమీదికి కొత్త దేవుణ్ణి తెస్తే అమ్మోరు జాకరమ్మ ఊరుకుంటుందా, పాస్టరు తల పట్టుకుని పిండేస్తోంది అని. కాకపోతే, వారమంతా గుండ్రాయిలా తిరిగే మనిషికి సరిగ్గా ఆదివారం, సరిగ్గా ఆరాధన వేళకే నొప్పెందుకు రావాలి? గుళ్ళో చాపలు వారానికొకటి చొప్పున మిగిలిపోతున్నాయి.

విశ్వాసం తగ్గిందేమోనని ఆయన ఉపవాసం పెంచారు. ఆర్నెల్ల కిందట మొదలుపెట్టినప్పుడు శనివారం రాత్రి నుంచి ఉండేవారు. దాన్ని శనివారం పొద్దుటికి జరిపారు. ఆరాధన అయ్యేదాకా మంచినీళ్ళు తప్ప మరొకటి ముట్టరు. అయినా నొప్పి తగ్గలేదు సరికదా, రెట్టింపయింది.

శుక్రవారం అరకు సంతకెళ్ళినప్పుడు డాక్టరు వరహాలరావు దగ్గర కూర్చున్నారు.

"తలనొప్పుల్లో చాలా రకాలున్నాయండీ" అన్నాడు డాక్టరు. "సైనసయితే వంగినప్పుడు మొహం బరువెక్కుతుంది. కళ్ళదయితే చదివితే వస్తుంది. పార్శ్వపు నొప్పయితే సగం తలే, వాంతులు కూడాను. దిగులుతో వచ్చేది మెడలోంచి పైకి పాకుతుంది. మీది ఎందులోనూ ఇమడటం లేదు." బీపీ చూశాడు. బాగానే ఉంది. "ఏవన్నా అలవాట్లున్నాయా? చుట్టా, సారా? అలవాటు పడ్డ ఒంటికి వేళకి అందకపోయినా తల పగిలిపోతుంది."

పాస్టరుగారికి ఒళ్ళు మండిపోయింది. "నేను దైవసేవకుణ్ణండీ! సారా మాట దేవుడెరుగు, వక్క కూడా కొరకను!"

డాక్టరు నాలిక్కరుచుకుని, మర్యాదకి హోటల్నుంచి కాఫీ తెప్పించాడు. రోజూలాగే పొద్దుట్నుంచి పాస్టరుగారికి అది నాలుగో గ్లాసు. తాగి, మాత్రలు జేబులో వేసుకుని బస్సెక్కారు.

ఖాళీ కడుపున వేసుకున్న మాత్ర ఆదివారం పొద్దున్నే వాంతయిపోయింది.

తనదాకా వస్తేగానీ తత్వం బోధపడదంటారు. "రోగమొస్తే గురువుల దగ్గరికి పోకండి" అని నాలుగేళ్ళు గొంతు చించుకున్న మనిషి, ఆ మరుసటి ఆదివారం తెలతెలవారుతుండగా, తలమీద తువ్వాలు కప్పుకుని సోంబరు గుమ్మంలో నిలబడ్డారు. సోంబరంటే జాకరమ్మకి పూజలు చేసి, ఊరికి ఆకుమందులిచ్చే గురువు. పాస్టరుగారికి బద్ధవిరోధి.

"ఏటి బాబూ, తోవ తప్పినావేటి?"

"తల... పోతోంది సోంబరూ. నీ మందు తాగితే మీ అమ్మోరికి మొక్కినట్టా?"

"మందుకి మొక్కెందుకు బాబూ? తగ్గినాక ఎవులు గొప్పో నువ్వే సెప్పు."

అని లోపలికెళ్ళాడు. ఎంతకీ రాడే! ఆఖరికి లోటాతో ఏవో వేడినీళ్ళు తెచ్చాడు. ఆకుపచ్చగా ఉన్నాయి. ఒకటే చేదు, ఒకటే వగరు. మందు తిండి కాదు గదా అని సరిపెట్టుకుని పాస్టరుగారు గుటుక్కున మింగేశారు.

ఆ రోజు రెండు గంటలు వాక్యం చెప్పారు. నొప్పా? దాని జాడే లేదు. పై ఆదివారం చీకటితో వెళ్ళి మళ్ళీ తాగారు. ఆ పై వారం కూడా. "పాస్టరుబాబు గెలిసినాడు" అని జనం ఒక్కొక్కరే తిరిగొచ్చారు. చాపలు చాలక గోనెపట్టాలు పరిచారు.

పాస్టరుగారికి మాత్రం అన్నం సహించడం లేదు. ఆరు నెలలు మోకాళ్ళు అరిగేలా ప్రార్థన చేస్తే తగ్గనిది, జాకరమ్మ మందు ఒక్క లోటాతో పోయింది. మరి గెలిచిందెవరు? ఆయన మొండివాడే గానీ అబద్ధాలకోరు కాదు.

"పెట్టెలు సర్దు జాయ్స్, వెళ్ళిపోదాం" అన్నారు సోమవారం పొద్దున. సంగతంతా చెప్పి, "ఇది లోపల పెట్టుకుని ఆ బల్ల దగ్గర నిలబడలేను" అన్నారు.

"తలనొప్పి తగ్గిందని ఏడ్చే మొగుణ్ణి ఎక్కడా చూళ్ళేదు!" అని ఆవిడ నెత్తి కొట్టుకుంది. ఎంత చెప్పినా ఆయన వినలేదు. సామాను జీపెక్కింది. నాలుగేళ్ళ కష్టాన్ని వదిలిపోతుంటే ఆయనకి కళ్ళనీళ్ళు ఆగలేదు.

జీపు కదలబోతుండగా సోంబరు పరుగున వచ్చాడు. తలంటుకున్నాడు. తెల్లపంచె కట్టాడు. వస్తూనే రెండు చేతులూ జోడించాడు.

పాస్టరుగారు కిందికి దిగి తల వంచారు. "నీకే చెప్పి వెళ్దామనుకున్నా సోంబరూ. నీ మందు గొప్పది. మీ అమ్మోరు..."

"మందేటి బాబూ, నా దగ్గిర మందయిపోయి సానా దినాలయింది, ఒట్టి సేతుల్తో పంపితే పరువు పోతాదని సంతకని ఎండేసిన పచ్చి కాఫీ గింజలు ఉడకేసి ఆ నీళ్ళే పోసినాను, దానికే తగ్గిపోనాదంటే మీ దేవుడే పెద్దోడని తెలిసిపోనాది, బేగి నాకు బాప్తీసం ఇచ్చీ బాబూ!"