ఫేడర్ దించాక

మిన్నీ బే చర్చి వెనక గదిలో, పాటల రికార్డింగ్ కంప్యూటర్ ముందు కెల్విన్ ఇరుక్కుపోయాడు. గోడలకు పరుపులు, కిటికీకి గోనెపట్టా. చప్పుడని ఫ్యాను కూడా కట్టేశారు. వెనక కుర్చీల్లో కాపలాకి ఇద్దరు సంఘ పెద్దలు, రాజబాబు, కృపావతి.

రికార్డు చేసిన క్రిస్మస్ పాటలోంచి వెరోనికా గొంతు తీసేయాలని సంఘం తీర్మానం. సంఘం కాదన్న అబ్బాయిని పెళ్ళాడి ఆమె దూరాన రంగత్ ఊరికి వెళ్ళిపోయింది.

కెల్విన్‌కి పాట నేర్పింది ఆమే. కానీ వచ్చే గురువారం చెల్లెలు ఎలీనా పెళ్ళి ఈ చర్చిలోనే జరగాలి. వీళ్ళకి కోపమొస్తే చర్చి తలుపే తీయరు. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

"ముందు అందరి గొంతులకీ ఎకో పెట్టు. తర్వాత మా కళ్ళముందే ఆ గొంతు దించు," అన్నాడు రాజబాబు.

"గొంతు మీదే, ఇన్సర్ట్‌లో పెడతానంకుల్. గొంతు పెంచి తగ్గించే ఫేడర్ దించితే గొంతూ ఎకో రెండూ కలిసి పోతాయి."

"ఒద్దు. సెండ్‌లో పెట్టు. గొంతు దాని దారిన అది ఉంటాది, ఎకో వేరే దారిన పోతాది."

ముప్పై ఏళ్ళు చర్చి మైకు సెట్టు చూసిన మనిషి, చెయ్యి ఊరుకోదు. వంగి, స్క్రీన్ మీద ఏదో చిన్న బొత్తం తనే నొక్కాడు.

"ఇంక దించు. జల్దీ. ఆ పేరు నా ముందు ఎత్తకు."

కెల్విన్ మౌసుతో లాగాడు. వెరోనికా ఫేడర్ సున్నాకి దిగిపోయింది.

పాట మొదలైంది. మిగిలిన నలుగురి గొంతుల వెనక, నీళ్ళకి అవతలి బాంబూఫ్లాట్ ఒడ్డు నుంచి పిలుస్తున్నట్టు, సన్నగా ఆమే!

అప్పుడు చూశాడు కెల్విన్, రాజబాబు నొక్కిన ఆ బొత్తాన్ని. అది నొక్కితే ఎకో దారి ఫేడర్‌కి ముందే చీలిపోతుంది. గొంతు పోయినా ఎకో పోదు. పెద్దాయన చెయ్యి పొరపాటున పడిందనుకున్నాడు. చెబితే వెరోనికా పూర్తిగా పోతుంది. చెప్పకుండా దొరికిపోతే ఎలీనా పెళ్ళి పోతుంది.

"ఏటి బాబూ, అలా చెమటలు పడతన్నాయి?" అంది కృపావతి.

"గాలి లేదు కదా ఆంటీ."

"పాట బాగుంది. చర్చి గోడలు పాడతన్నట్టుంది. ఆ గొంతు సున్నాలో ఉంది, నేను చూశాను. ఠీక్ హై." ఆమె తీర్మానం కాగితం మీద సంతకం పెట్టి వెళ్ళిపోయింది.

రాజబాబు కదల్లేదు. హెడ్‌ఫోన్ పెట్టుకుని, కళ్ళు మూసుకుని పాటంతా విన్నాడు. కెల్విన్ తన పని అయిపోయిందనుకున్నాడు.

రాజబాబు జేబులోంచి పెన్‌డ్రైవ్ తీశాడు.

"ఇందులో ఒకటి ఎక్కించు బాబూ, పొద్దున్నే రంగత్ బస్సుకి పంపితే మా అమ్మాయి వింటాది."