రబ్బరు చెయ్యి

ఆ ల్యాబులో వాళ్ళకి, చర్మానికి అంటించే సెన్సార్ పట్టీ ఏది తయారైనా, ముందు తమ మణికట్టు మీదే పరీక్షించుకోవడం అలవాటు. పీహెచ్‌డీ ముగించి కొత్తగా పరిశోధనకు చేరిన ఆమె కూడా పొద్దుటి నుంచి పట్టీ అంటించుకునే ఉంది. అది నాడిని పసిగడితే, బల్ల మీద గాలి పంపుతో నడిచే మెత్తటి రబ్బరు చెయ్యి అదే లయలో ముడుచుకుంటుంది, విచ్చుకుంటుంది.

రాత్రి అందరూ వెళ్ళాక పట్టీ ఒలిచి గాజు పలక మీద పెట్టింది. చెయ్యి ఆగలేదు.

సీనియర్‌కి ఫోన్ చేసింది. "అన్నా, పట్టీ తీసేసినా చెయ్యి ఆడుతూనే ఉంది."

"పంపులో గాలి మిగిలుంటుందిలే. ప్లగ్గు పీకెయ్."

"ఎప్పుడో పీకేశాను."

"మరి ఎవరి నాడితో ఆడుతోంది?"

ఆమె తన మణికట్టు పట్టుకుని చూసుకుంది. అచ్చం అదే లయ. "నాదే అన్నా" అని నవ్వబోయింది. ఇంత భయంలో తన నాడి అంత నింపాదిగా ఎందుకు కొట్టుకుంటోందో మాత్రం అంతుబట్టలేదు.

చెయ్యి ఇంకాస్త నెమ్మదించింది. ఆ తర్వాతే, తన వేళ్ళ కింద నాడి కూడా.

"ఏమైందమ్మా? పలకవేం?"

రబ్బరు వేళ్ళు మెల్లగా ముడుచుకున్నాయి. మళ్ళీ విచ్చుకోవాలన్న తొందరేమీ వాటికి ఉన్నట్టు లేదు.