పక్కబట్టలు

"హోటళ్ళు ఎన్ని రకాలో చెప్పండమ్మా" అని ఎగ్జామినర్ అడగడం అది మూడోసారి. బల్లకి అవతల కూర్చున్న నలభై ఎనిమిదేళ్ళ మనిషి మూడోసారి కూడా నోరు మెదపలేదు. ఆమె చేతిలో రుమాలు మాత్రం మడత మీద మడత పడుతోంది.

పక్కనున్న లెక్చరర్ ఉండబట్టలేకపోయింది. "స్టార్లను బట్టి, గదుల సంఖ్యను బట్టి, ఉన్న చోటును బట్టి... మొన్ననే కదా పిన్నీ, కూర్చోబెట్టి అప్పజెప్పించాను" అని, ఆయన వైపు తిరిగింది. "పగలు గదులు సర్దే పని సార్, సాయంత్రం మా క్లాసులు. పిల్లలంతా పిన్ని అంటారు, నాకూ అదే అలవాటైంది. రాతపరీక్ష ఎలాగో గట్టెక్కింది. వైవాలోనే రెండుసార్లు పోయింది. ఇదే ఆఖరి అవకాశం."

"పాసైతే ఏమవుతుంది?"

ఈసారి పిన్నే జవాబిచ్చింది. "సూపర్‌వైజర్‌ని చేస్తామన్నారు సార్. లేకపోతే పని మానుకోవాల్సిందే. మోకాళ్ళు వంగట్లేదు. పరుపెత్తి దుప్పటి దోపాలంటే ప్రాణం పోతోంది."

ఎగ్జామినర్ ఒక పెద్ద హోటల్‌కి జనరల్ మేనేజర్. కాలేజీవాళ్ళు పిలిస్తే రెండు రోజుల పని మీద వచ్చాడు. నిన్నటినుంచి నలభైమంది నోట ఒకటే జవాబు విని విని విసుగెత్తిపోయాడు. పిన్ని పేరుకి ఎదురుగా సున్నా వెయ్యడానికి పెన్ను మూత తీశాడు గానీ, ఎందుకో చెయ్యాడలేదు.

"పుస్తకం సంగతి వదిలెయ్యండి. మీకు తెలిసినట్టు చెప్పండి."

"పక్కబట్టల్ని బట్టి చెప్పనా సార్?"

లెక్చరర్ తల పట్టుకుంది. ఆయన మాత్రం "కానివ్వండి" అన్నాడు.

"బిజినెస్ హోటళ్ళలో దిండ్లన్నీ గోడకి ఆనించి ఉంటాయి సార్. పడుకున్నది తక్కువ, కూర్చుని ఫోన్లు మాట్లాడింది ఎక్కువ. బీచ్ రిసార్టులో దుప్పటి దులిపితే దోసెడు ఇసుక రాలుతుంది. మొదట్లో తిట్టుకునేదాన్ని. తర్వాత అర్థమైంది, ఎంత ఇసుకుంటే పిల్లలు అంత బాగా ఆడుకున్నట్టు. ఎయిర్‌పోర్టు దగ్గర హోటళ్ళలో అయితే అసలు దుప్పటి లోపలికే దూరరు. బూట్లతో సహా పైపైన అలా ఒరుగుతారు. ఏ క్షణాన లేచి పరిగెత్తాలో ఏమో."

"మరి హనీమూన్ రిసార్టులు?"

"అవి సిలబస్‌లో లేవు సార్."

లెక్చరర్‌కి పొలమారింది. ఆయన మంచినీళ్ళ గ్లాసు ఆమె వైపు జరిపి, నవ్వు కనబడకుండా కాగితాల్లోకి చూశాడు.

"స్టార్ల సంగతేమిటి?"

"స్టార్లు పెరిగేకొద్దీ దిండ్లు పెరుగుతాయి సార్. ఐదు స్టార్లంటే మంచానికి ఆరు దిండ్లు. మనిషి నిద్రపోయేది ఒకదాని మీదే. మిగతా ఐదూ నా నడుం విరగ్గొట్టడానికి." ఆమె కాస్త ధైర్యం తెచ్చుకుని కుర్చీలో వెనక్కి జరిగింది. "నెలల తరబడి ఉండే సర్వీస్ అపార్ట్‌మెంట్లు ఉన్నాయి చూడండి, అక్కడ దుప్పట్ల మీద రంగు పెన్సిళ్ళ గీతలుంటాయి. గోడలకి పిల్లల బొమ్మలు అంటించి ఉంటాయి. వాళ్ళు ఖాళీ చేసిన రోజు ఆ టేపు గీకుతుంటే మనింట్లోంచే ఎవరో వెళ్ళిపోయినట్టుంటుంది."

ఎగ్జామినర్ పెన్ను బల్లమీద పెట్టేశాడు.

"అన్నిటికంటే ఎక్కువ ఎక్కడ చేశారు?"

"ఆస్పత్రి ఎదురుగా ఒక లాడ్జీలో సార్, తొమ్మిదేళ్ళు. అక్కడ ముగ్గురు దిగినా పక్క నలగదు. కుర్చీ మాత్రం ఆస్పత్రి కనబడే కిటికీ దగ్గరికి జరిగి ఉంటుంది. గదంతా తుడిచేదాన్ని గానీ ఆ కుర్చీ ముట్టుకునేదాన్ని కాదు. నీకు సర్దడం చేతకాదని మేనేజర్ చీవాట్లు పెట్టేవాడు."

"నిజమే కదా. కుర్చీ దాని చోట్లో ఉండాలి."

"నేను సర్దేస్తే సాయంత్రం ఆస్పత్రి నుంచి వచ్చి వాళ్ళు మళ్ళీ అక్కడికే జరుపుకోవాలి సార్. వాళ్ళకి ఆ ఓపిక కూడా ఉండదు."

ఎగ్జామినర్ కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, పెట్టుకుని, మార్కుల షీటు దగ్గరికి లాక్కున్నాడు. యాభైకి నలభై ఆరు వేసి సంతకం చేశాడు.

"ఇరవై ఏళ్ళుగా ట్రైనింగ్ ఇస్తున్నాను" అన్నాడు లెక్చరర్‌తో. "ఆ కుర్చీ సంగతి నేనెవరికీ నేర్పలేదు. వెళ్ళిరండమ్మా. సూపర్‌వైజర్ అయ్యాక మీ కింద పనిచేసేవాళ్ళకి చెప్పండి."

పిన్నికి కుర్చీలోంచి లేవడం కష్టమైంది. మోకాళ్ళ వల్లో, మరి దేనివల్లో. లెక్చరర్ ఆమె భుజం తట్టి, షీటు పట్టుకుని ఆఫీసు గదికి పరుగులాంటి నడకతో వెళ్ళిపోయింది. పిన్ని కూడా గుమ్మం దాకా వెళ్ళింది. అక్కడ ఆగింది. వరండా అటూ ఇటూ చూసి వెనక్కి వచ్చింది.

"ఇంకేమిటమ్మా? వేసిన మార్కులు ఇక మార్చను."

"అవి వేసేదాకే ఆగాను సార్. ముందే చెబితే మార్కుల కోసం చెప్పాననుకుంటారు." ఆమె గొంతు తగ్గించింది. "కాలేజీ గెస్ట్‌హౌస్‌లో మీ గది సర్దేది నేనే."

పెన్ను జేబులో పెట్టుకోబోతున్న ఆయన చెయ్యి మధ్యలోనే ఆగిపోయింది.

"మంచం మీదున్న బట్టలన్నీ లాండ్రీకి వెయ్యమని పొద్దున చీటీ పెట్టి వచ్చారు కదా, అన్నీ వేశాను. మీ పక్కన నలగని దిండు మీద పరిచి ఉన్న ఆడవాళ్ళ పాత శాలువా ఒక్కటే వెయ్యలేదు సార్, ఉతికితే ఆవిడ వాసన పోతుంది."